గాజు తీగకు బిగువు కట్టు

నేను తీగలకు వేసే కట్టుకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని నాకు మహా పొగరుగా ఉండేది. ఉండేది అంటున్నాను గానీ, ఇప్పుడూ కొంత ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా టెలిఫోను కేబుళ్ళు అతికినదాన్ని. వచ్చేపోయేవాళ్ళంతా వింతగా చూస్తుంటే రోడ్డు పక్క గోతిలో కూర్చుని పనిచేయాలంటే ఆ మాత్రం పొగరు లేకపోతే ఎవరి తరం?

ఆ ఉద్యోగం నాకు కష్టకాలంలో వచ్చింది. నా భర్త టెలిఫోను శాఖలో లైన్‌మన్. ఆయన పోయాక ఆ ఉద్యోగం బదులు నాకు ఆఫీసులో కాగితాలు సర్దే పని ఇస్తామన్నారు. "గొయ్యి తవ్వడం, స్తంభం ఎక్కడం ఆడవాళ్ళ వల్ల కాదమ్మా" అని ఒక గుమాస్తా నా మీద జాలిపడ్డాడు. ఆ జాలి చూసి నాకు ఒళ్ళు మండింది. "ఆయన సేసిన పనే నాకిప్పించండి. సేతకాకపోతే అప్పుడు తీసీండి" అన్నాను. పద్మనాభం ఊరి వైపు పొలాల్లో వరి ఊడ్చి, కోసి, మోపులు మోసిన ఒళ్ళు నాది. గొయ్యికి జడుస్తుందా?

నాకు పని నేర్పింది మా ఆయన పనిచేసిన గ్యాంగు పెద్ద. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ని మావయ్యా అనేదాన్ని, ఆయన నన్ను కోడలా అనేవాడు. నోరు వేపకాయ, చెయ్యి బంగారం. కేబులు కోస్తే లోపల వందల రాగి తీగలు జంటలు జంటలుగా, రంగురంగులుగా ఉండేవి. వాటిని అతికాక గుత్తులు గుత్తులుగా సర్ది దారంతో బిగించి కట్టాలి. ఆ కట్టు దగ్గరే మావయ్య అసలు రూపం కనిపించేది.

"జడల్లినట్టుండాలి కోడలా. లాగితే కదలకూడదు. ఒదులు కట్టు కట్టినావంటే తీగకి దెబ్బ, నీకు సివాట్లు" అనేవాడు. వేలు పెట్టి లాగి చూసి, పిసరంత కదిలినా మొత్తం విప్పించేవాడు. ఆ మొదటి ఏడాది ఎన్ని కట్లు విప్పి కట్టానో, ఎన్నిసార్లు చెంగుతో కళ్ళు తుడుచుకున్నానో లెక్కలేదు. తర్వాత తర్వాత ఆయన కట్టూ నా కట్టూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో గ్యాంగులో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆయన మాత్రం ఒక్కనాడు కూడా బాగుందన్న పాపాన పోలేదు.

నేను చేరిన కొత్తలో ఫోను కోసం దరఖాస్తు పెట్టి జనం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. కనెక్షను ఇవ్వడానికి వెళితే మాకు పెళ్ళివారి మర్యాదలు. ఫోనుకి బొట్టు పెట్టి దండ వేసినవాళ్ళను కూడా చూశాను. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి, కంపెనీ మీద కంపెనీ వచ్చింది, మాట చవకైపోయింది. అదే జనం "మీ తీగ పీక్కుపోండమ్మా, గోడకి అడ్డంగా ఉంది" అన్నారు. మంచికే లెండి, ఎదురుచూపులు తప్పాయి. కానీ తీగ పీకుతున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? చివరికి శాఖవాళ్ళు స్వచ్ఛంద విరమణ ప్రకటించారు. మావయ్య అప్పటికే రిటైరై ఉక్కునగరంలో కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. నేనూ సంతకం పెట్టి మా ఊరు వచ్చేశాను. "దీని పని అయిపోనాదర్రా" అని రచ్చబండ మీద అనుకున్నారు. నాకు వినపడేలాగే అనుకున్నారు.

ఇంట్లో కూర్చుని టీవీ చూడడం నాకు చేతకాదు. పల్లెలకు ఫైబరు లైన్లు వేసి నడిపే పనిని శాఖ ఇప్పుడు బయటివాళ్ళకు అప్పజెబుతోందని తెలిసి, మధురవాడలో శిక్షణకు పేరిచ్చాను. మా తమ్ముడి భార్యను కూడా వెంట లాక్కుపోయాను. వెంట్రుకంత గాజు తీగ, అందులో పోయేది కరెంటు కాదు, వెలుగు. కళ్ళజోడు పెట్టుకున్నా మొదట్లో నాకు తీగ కనిపించేది కాదు. "వదినా, నీ సేతిలో ఉన్నాది తీగ కాదు, నీ తెల్లెంట్రుకే" అని మా మరదలు అందరి ముందూ నవ్వేది. అయినా ఇద్దరం నేర్చుకున్నాం. గాజు తీగను గట్టిగా వంచకూడదని, బిగించకూడదని అక్కడ చెప్పారు కూడా. నోట్సులో నా చేతిరాతే సాక్ష్యం. చెవి విన్నది, చెయ్యి వినలేదు.

మాకు మొదట ఇచ్చిన లైను మా సొంత ఊరిదే. మెయిన్ రోడ్డు మీది ఎక్స్‌ఛేంజి నుంచి పొలాల మీదుగా మా ఊరి బడి దాకా. మా ఊళ్ళో సెల్‌ఫోను మోగాలంటే బడి మెట్లెక్కి నిలబడాలి. డిగ్రీ పిల్లలు దరఖాస్తు పెట్టాలంటే బస్సెక్కి టౌనుకి పోవాలి. అందుకే లైను వస్తుందంటే ఊరంతా కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది. షరతు ఒకటే. ఎక్స్‌ఛేంజిలో పంపిన వెలుగు బడి దగ్గర మీటరులో తగినంత చూపించాలి. గడువులోగా చూపిస్తే ఈ ఊరే కాదు, చుట్టుపక్కల ఊళ్ళు కూడా మావే. లేదంటే పని టౌనులో ఉన్న ఒక ఏజెన్సీకి పోతుంది.

లైను వేశాం గానీ, వెలుగు సగం దారిలోనే చిక్కిపోతోంది. లోపం ఎంత దూరంలో ఉందో కొలిచే మెషీను చెప్పింది, కాలవ గట్టు మీద నేను అతికిన జాయింటు దగ్గరే నష్టం అని. జాయింటు డబ్బా విప్పి, అతుకు కోసి, మళ్ళీ అతికాను. అతుకు అద్దంలా ఉందని అతికే మెషీనే అంటోంది, మీటరు మాత్రం పెదవి విరుస్తోంది. మూడుసార్లు అలా చేశాను. మూడుసార్లూ తీగల్ని పొందిగ్గా సర్ది కట్టి డబ్బా మూశాను. "ఆడోలకిత్తే ఇలగే ఉంటాది" అన్న మాట అప్పుడే ఊళ్ళో మొదలైంది. నాకు అన్నం సహించలేదు.

గడువు చివరి రోజు. ఏం తోచక ముందు రోజే మావయ్యకు ఫోను చేశాను. "గాజు పని నాకేటి తెలుసు? నాను రాగి మనిషిని" అని విసుక్కున్నాడు గానీ, పొద్దున్నే రెండు బస్సులు మారి కాలవ గట్టుకి వచ్చేశాడు. మధ్యాహ్నానికి మధురవాడ ఆఫీసు నుంచి ఇంజనీరమ్మాయి కూడా వచ్చింది, కొలిచి తేల్చడానికి. మా మరదలు గొడుగు పట్టుకుంది. మావయ్య డబ్బాలోకి తొంగిచూసి, చిటికెన వేలు పెట్టి కట్టును లాగాడు. కదల్లేదు.

"కట్టు మట్టుకు అదరగొట్టీసినావు కోడలా" అన్నాడు.

ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మాట! ఆ కష్టంలో కూడా నా గుండె పొంగింది. 

ఇంజనీరమ్మాయి మంచి పిల్ల. నా మొహం చూసి గొంతు తగ్గించి, "అమ్మా, అతుకు బాగానే ఉంది. కేబులే లోపం అని రాస్తాను. ఇది పీకించి వేరేది వేయిస్తారు, మీకు గడువు పెరుగుతుంది. పనిలో లోపమని రాస్తే మాత్రం సాయంత్రం నాలుగింటితో సరి. ఆ తర్వాత నా చేతిలో ఉండదు" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా చేయి ఊరుకోక, తీగ ఎక్కడైనా చిట్లిందేమో చివరిసారి చూద్దామనిపించింది. అందుకు ఎర్ర లైటు వేసే పెన్ను ఒకటి ఉంటుంది. తీగ చివర పెట్టి నొక్కితే, వెలుగు కారిపోయే చోట ఎర్రగా కనిపిస్తుంది. ఎండలో ఏమీ తెలియలేదు. జలుబు చేసి ఆవిరి పట్టుకునేవాళ్ళలా డబ్బా మీదికి వంగి, తలమీంచి చెంగు కప్పుకున్నాను.

చీకట్లో కనిపించింది. అతుకు దగ్గర ఏమీ లేదు. నేను దారం బిగించిన ప్రతిచోటా, తీగను పొందిగ్గా మడిచిన ప్రతి మలుపులోనూ ఎర్రెర్రగా వెలుగు కారిపోతోంది. నా కట్టే. మూడుసార్లు అతుకు మార్చి, మూడుసార్లూ నా చేతులతోనే ఆ వెలుగు పీక నొక్కాను.

చెంగు కింద అలాగే ఉండిపోయాను. ఎవరికీ తెలియదు. కేబులు లోపమన్న మాట ఆ పిల్ల నోటి నుంచే వచ్చింది. గడువు దొరుకుతుంది, కొత్త కేబులుకి వదులుగా కడతాను, నా పేరు నిలబడుతుంది. మావయ్య ఇప్పుడే, జీవితంలో మొదటిసారి, మెచ్చుకున్నాడు. ఆ కట్టే తప్పని ఆయన మొహం మీద ఎలా చెప్పను? మరోపక్క, ఏ పాపం ఎరగని కేబులును పొలాల మీదుగా పీకేస్తారు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవరో జాలిపడి ఇచ్చే గడువా నాకు కావలసింది? ఆనాడు గుమాస్తా జాలి వద్దన్నదాన్ని, ఈనాడు దీనికి ఆశపడతానా?

చెంగు తీసేశాను. "అలగ రాయకండమ్మా. కేబులు బంగారంలాగున్నాది. తప్పు నాది. బిగించి కట్టీసినాను" అన్నాను.

"వదినా, నీకేటి మతిపోనాదా!" అంది మా మరదలు. 

మావయ్య నా చేతిలో పెన్ను లాక్కుని, భుజం మీది తువ్వాలు డబ్బా మీద, తన తల మీద కప్పుకున్నాడు. లోపల చాలాసేపు ఉన్నాడు. నేను ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. మా ఆయన పోయిన రోజు వేసినంత భయం మళ్ళీ వేసింది. తువ్వాలు తీసి మావయ్య చెయ్యి చాపాడు.

"కత్తెరిచ్చీ."

"మావయ్యా..."

"నాను నేర్పిన కట్టే కదేటి? నానే కోత్తాను. ఇచ్చీ."

ఒక్కొక్క దారమే కోశాడు. గాజుకి గీటైనా తగలకుండా కోశాడు. ఇంజనీరమ్మాయి గడియారం చూసి, "నాలుగింటికి ఇంకా గంట ఉంది" అని మాత్రం అంది. తీగలు వాటంతట అవే విప్పారాయి. వాటిని పెద్ద పెద్ద చుట్లుగా, వదులుగా పరిచాను. నా కంటికి అది చింపిరి జుత్తులా ఉంది, సర్దాలని చేతులు లాగేస్తున్నాయి. "ఒగ్గీ, ఒగ్గీ, ఇంకా ఒగ్గీ" అంటున్నాడు మావయ్య పక్కన కూర్చుని. డబ్బా మూసి, బండ్ల మీద బడికి పరుగు తీశాం. 

బడి వరండాలో ఊరు సగం ఉంది. ఇంజనీరమ్మాయి మీటరు తగిలించింది. అంకె చూసింది. తుడిచి మళ్ళీ తగిలించి చూసింది.

"పాస్" అంది. "పాస్ ఏమిటమ్మా, కావలసిన దానికంటే ఎక్కువే వస్తోంది!"

ఓలమ్మో, అప్పుడు చూడాలి మా ఊరి గోల! మా మరదలు గొడుగు గాలిలోకి విసిరేసింది. బడి కంప్యూటరు తెర మీద బొమ్మ కదిలేసరికి ఆడవాళ్ళంతా ఒక్కసారి ఈలలేశారు, రచ్చబండ మనుషులు కూడా వేశారు. అమ్మలక్కలు నన్ను ఎత్తేయబోతే "నడుం ఇరుగుతాది, ఒగ్గండే" అని అరిచాను. ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, నాకే తెలియడం లేదు. ఇంజనీరమ్మాయి తర్వాతి రెండు ఊళ్ళ కాగితాలు అక్కడే నా చేతిలో పెట్టింది.

గోల సద్దుమణిగాక మావయ్య కోసం చూశాను. బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, బస్సుకి పోవాలని. ఏమంటాడోనని బెదురుతూనే దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళు గ్యాంగు మొత్తానికి డ్యూటీ వేసిన మనిషి, తువ్వాలు రెండు చేతుల్లో నలుపుతూ, నా మొహం కేసి చూడకుండా అడిగాడు.

"రేపు పని ఎన్ని గంటలకి కోడలా? నానూ నేర్సుకుంటాను."

కొత్త ఊళ్ళ కాగితాలు చంకలో పెట్టుకున్నాను.

"ఏడున్నరకి మావయ్యా. బేగి రా. ఆలీసమైతే నీకు సివాట్లే."