మా బావ కోడుకు నేను ఓకే అనలేదు

ఆ రోజుల్లో మా బావ ఉద్యోగం ఊడబెరికింది నేనేనని జగ్గయ్యపేటలో మావాళ్ళు ఇప్పటికీ చెబుతూంటారు. అతన్ని చేసుకోవడం ఇష్టంలేక అతను రాసిన కంప్యూటర్ కోడుకు అడ్డం పడ్డానట. ఇష్టంలేని మాట నిజమే. (అడిగినవాళ్ళకు అప్పుడే చెప్పాను, దాచిందేమీ లేదు.) మిగతాది మాత్రం ఆ కోడును చదవనివాళ్ళు అల్లిన కథ. అంటే మా బంధువర్గం మొత్తం.

బావ, అంటే మా మేనమామ కొడుకు, నేనూ హైదరాబాదులో ఒకే చిన్న కంపెనీలో చేరాం. నా ఉద్యోగం ఖాయమైంది, అతనిది ఇంకా కాలేదు. చేతిలో ఉన్న పని నెగ్గితే ఉంటాడు, లేకపోతే ఇంటికే. ఆ పని ఇదీ: ఒక కంప్యూటర్‌లో నాలుగైదు ఉత్తుత్తి కంప్యూటర్లు నడవాలంటే ప్రాసెసర్లలో ఉన్న ఒక సదుపాయాన్ని ఆన్ చెయ్యాలి. బావ రాసిన మాడ్యూల్ అనే కోడు ముక్క, కంప్యూటర్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్లోకి ఎక్కగానే ఒక్కో ప్రాసెసర్ దగ్గరికీ వెళ్ళి ఆ పని చేస్తుంది. బాగానే ఉంది. మధ్యలో ఒక ప్రాసెసర్ మొరాయిస్తే? "కుదరలేదు" అని చెప్పి తన దారిన తాను పోతుంది. అప్పటికే ఆన్ చేసినవాటిని ఆఫ్ చెయ్యదు. అలా వదిలేసిన మిషన్‌ను రీస్టార్ట్ చెయ్యబోతే బిగుసుకుపోతుంది. ఆ కోడు చదివి తప్పొప్పులు చూసే పని, అంటే రివ్యూ, నాకు వచ్చింది. ఈ సంగతంతా రాసి, సరిచేసేదాకా ఒప్పుకోనన్నాను.

బావ నాతో వాదించలేదు. వాళ్ళ నాన్నకు చెప్పాడు. (కెర్నెల్ చరిత్రలో ఇలాంటి అప్పీలు ఇంకొకటి ఉండదు.) ఆదివారం నేను నందిగామలో మా ఇంట్లో ఉండగా మావయ్య సిమెంటు కొట్టు మూసి మరీ బస్సెక్కి వచ్చాడు.

"ఓకే అని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోద్ది అమ్మాయ్?"

"నా సొమ్ము పోదు మావయ్యా, మిషన్ పోద్ది."

"గరికపాడు చెక్‌పోస్టు కాడ అన్ని కాయితాలూ ఉన్న లారీలే దాటుతున్నాయా ఏంటి? సర్దుకుపోవాలి."

"ఒక లారీని ఆపేశారనుకో. ముందు దాటిపోయినవాటిని వెనక్కి పిలిచేదెవరు? నేనడిగేది అదే."

మావయ్య అమ్మకేసి తిరిగాడు. "దీనికి చదువెక్కువైంది చెల్లాయ్."

"చదివించమని పోరు పెట్టింది నువ్వేగా అన్నయ్యా" అంది అమ్మ, కాఫీ గ్లాసు ఆయన ముందు పెడుతూ. ఆయన అది ముట్టుకోకుండానే లేచాడు.

నేను ఆఫీసుకు వెళ్ళేసరికి ఇంకో సీనియర్ ఆ కోడుకు ఓకే చెప్పేశాడు. ఎవరిదైనా ఒక్క ఓకే ఉంటే చాలు. (ఆయన దేనికైనా చెబుతాడు. మేం ఆయన్ను 'శుభమస్తు' అనేవాళ్ళం.) కోడు కస్టమర్ దగ్గరికి వెళ్ళింది. అక్కడొక మిషన్‌లో ఒక ప్రాసెసర్‌లో ఆ సదుపాయానికి తాళం వేసి ఉంది. మాడ్యూల్ ఎక్కలేదు. రీస్టార్ట్ చేస్తే మిషన్ లేవలేదు. వాళ్ళ కౌంటర్ల ముందు జనం పొద్దంతా నిలబడ్డారు. శుభమస్తుకు ఏమీ కాలేదు. బావను మాత్రం, "ముందే హెచ్చరించినా వినలేదు" అని నేను రాసినదాన్ని ముందు పెట్టి మరీ పంపించేశారు. రాయకుండా నోటితో చెప్పి ఉండాల్సిందని మావయ్య తీర్పు. కోడు రివ్యూ నోటితో ఎలా చేస్తారో ఆయన చెప్పలేదు.

బావ ఇప్పుడు సిమెంటు కొట్టులోనే కూర్చుంటున్నాడు. పెళ్ళిళ్ళలో కనబడితే "బాగున్నావా" అని నా పక్కనున్న స్తంభాన్ని అడుగుతాడు. బాగానే ఉన్నానని స్తంభం తరఫున నేనే చెబుతాను. ఊరందరితో వాదించగల మనిషిని, ఇతన్ని మాత్రం అడగాల్సింది అడక్కుండానే భోజనాల వైపు వెళ్ళిపోతాను. అప్పట్లో నేనైన ఆ మొండిపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. తప్పు చూపించడంతో ఊరుకోలేదు, ఆఫ్ చేసే నాలుగు లైన్లూ తనే రాసి రివ్యూ కింద పెట్టింది. కాపీ చేసుకుంటే సరిపోయేది. ఎందుకు చేసుకోలేదు బావా?