గడియారం వెనకవైపు

మార్కాపురం దగ్గర పలకరాయి కోసే ఒక ఫ్యాక్టరీలో నేను మంచి రాయిని వేరుచేసే ఏరుడు సెక్షన్‌కు సూపర్‌వైజరుగా పనిచేశాను. ఇక్కడ చెప్పేది నేను రిటైరు కావడానికి పద్నాలుగు నెలల ముందు, మార్చిలో జరిగిన సంగతి. ఆ నెల ఓనరు గారు నాకు అప్పజెప్పిన పని నా ఉద్యోగంలో లేనిది. ఖరీదైన చేతిగడియారం ఒకటి ఎంచిపెట్టడం.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. మా ఫ్యాక్టరీ ఒకప్పుడు పిల్లలు రాసుకునే పలకలు చేసేది. తర్వాత వాటిని అడిగేవాళ్ళు తగ్గి, గోడలకూ గచ్చులకూ పరిచే రాయి కోసి ఇతర దేశాలకు పంపడం మొదలుపెట్టింది. గనిలోంచి వచ్చిన దిమ్మెను ఉలితో పొరలుగా చీలుస్తారు. ఆ పొరలను రంపం మిషన్ మీద కొలతకు కోస్తారు. కోసినవి నా దగ్గరికి వస్తాయి. ఒక్కొక్క బిళ్ళనూ వేళ్ళ మీద నిలబెట్టి, వేలి కణుపుతో తట్టి వినాలి. లోపల పగులు లేని రాయి మోగుతుంది. పగులున్నది మోగదు. దాన్ని మేం మూగరాయి అంటాం, రద్దులో పడేస్తాం. తర్వాత అంచు వెంట గోరు నడిపి పెచ్చులు చూస్తాం. ఇరవై నాలుగేళ్ళు చదువు లేకుండానే ఈ పని చేశాను. సూపర్‌వైజరు కావాలంటే గ్రేడు చీటీ మీద రాసి సంతకం పెట్టాలన్నారు. అప్పుడు, యాభై రెండో ఏట, ప్యాకింగ్‌లో పనిచేసే రహమత్‌బీ దగ్గర అన్నం వేళల్లో కూర్చుని, రద్దు పలకల మీద తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను.

సూపర్‌వైజరు అయితే ఇంకొకటి కూడా వస్తుంది. హాజరు పుస్తకంలో పేరు. మా ఫ్యాక్టరీలో ఓనరు, మేనేజరు, గుమాస్తా, నలుగురు సూపర్‌వైజర్లు, వీళ్ళ పేర్లే ఆ పుస్తకంలో ఉండేవి. రాయి చీల్చేవాళ్ళు, కోసేవాళ్ళు, మోసేవాళ్ళు అంతా ముఠా మనుషులు. ఎన్ని బిళ్ళలు కోస్తే అంత కూలి. పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఎవరైనా తనిఖీకి వస్తే, ఈ రోజే వచ్చిన కూలీలు అని గుమాస్తా చెప్పేవాడు. ముప్పై ఏళ్ళుగా ఈ రోజే వచ్చిన మనుషులు అక్కడ చాలామంది ఉన్నారు.

కాశయ్య వాళ్ళలో ఒకడు. కొమరోలు వైపు మనిషి, నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను కాశన్న అని పిలిచేదాన్ని. రంపం మిషన్ మీద ముప్పై ఎనిమిదేళ్ళు రాయి కోశాడు. రంపం మీద నీళ్ళు వదిలితే ధూళి లేవదు. ఆ సంగతి అందరికీ తెలుసు. నీళ్ళకు బోరు కరెంటు అవుతుంది, తడిసిన రాయి ఆరేదాకా లారీ ఎక్కదు. ఈ సంగతి ఓనరుకు బాగా తెలుసు. అందుకని నీళ్ళ గొట్టం తనిఖీ రోజున మాత్రమే తెరిచేవారు. చివరికి కాశయ్య పది అడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునే స్థితికి వచ్చాడు. ఒంగోలులో డాక్టర్లు ఫోటో తీసి, ఊపిరితిత్తుల్లో రాతిధూళి పేరుకుందని కాగితం రాసిచ్చారు. ఆ జబ్బుకు సర్కారు సాయం ఉంది. అది రావాలంటే ఆ మనిషి ఎక్కడ, ఏ పని, ఎన్నేళ్ళు చేశాడో చూపే ఇంకో కాగితం కావాలి. అది ఓనరు ఇవ్వాలి.

కాశయ్య మూడుసార్లు అడిగాడు. మూడోసారి నేను అక్కడే ఉన్నాను. ఓనరు గారు కుర్చీలో వెనక్కి వాలి, "కాగితం ఏం చేసుకుంటావురా కాశిగా, చినిగిపోతది. నేను నీకు జీవితాంతం నిలిచేది ఇస్తా చూడు," అన్నారు. కాశయ్య వాదన పెట్టుకోకుండా గోడ పట్టుకుని వెనక్కి తిరిగాడు. మెట్లు దిగడానికి ఊపిరి దాచుకోవాలి గదా.

ఆ నిలిచేది ఏమిటో వారంలో తెలిసింది. ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి విదేశాల నుంచి రాయి కొనేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు ఈ మధ్య రాయిని చూడటంతో సరిపెట్టుకోకుండా, కోసే మనుషులను ఎట్లా చూసుకుంటున్నారని కూడా అడుగుతున్నారట. అందుకు ఓనరు గారికి తోచిన జవాబు, వేదిక మీద ఒక ముసలి కార్మికుడి చేతికి ఖరీదైన గడియారం తొడిగి ఫోటో తీయించడం. కొనే బాధ్యత ఆయన కొడుకుది. అతన్ని మేమంతా చిన్నోనరు అనేవాళ్ళం. ఆదెమ్మ కన్ను మంచిది, ఆమెను వెంటబెట్టుకుపో అని ఓనరు గారు నా పేరు చెప్పారు. కార్మికులే ఎంచుకున్నారని చెప్పుకోవడానికి కూడా పనికొస్తానని గుమాస్తా నాకు తర్వాత వివరించాడు.

కార్లో విజయవాడ పోయాం. పొదిలి దాటేదాకా చిన్నోనరు నాకు గడియారాల గురించి పాఠం చెప్పాడు. మంచి గడియారం అంటే టైము చూసుకోవడానికి కాదట, మన స్థాయి ఏమిటో ఎదుటివాడు చూడటానికట. అట్లయితే అది కాశన్నకు ఎందుకు, ఆయన స్థాయి మూడు సందుల అవతలికి దగ్గు రూపంలో వినిపిస్తూనే ఉంది గదా అని అందామనుకుని ఊరుకున్నాను. నా పేరు పుస్తకంలో ఉంది, దాన్ని ఇంకో పద్నాలుగు నెలలు నిలుపుకోవాలి.

ఆ దుకాణంలో మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కోటు వేసుకున్న సేల్స్‌మన్ తెల్ల చేతితొడుగులతో, అప్పుడే పుట్టిన బిడ్డను చూపించినట్టు గడియారాలు తెచ్చి చూపించాడు. అతను ఒక్కసారి కూడా ధర అనలేదు, విలువ అన్నాడు. కొనడం అనలేదు, సొంతం చేసుకోవడం అన్నాడు. ఇది మీరు వాడి మీ మనవలకు ఇస్తారు మేడం అని నాతో చెప్పాడు. నా మనవలకు ఫోన్లు ఉన్నాయి బాబూ, వాళ్ళు టైము అందులో చూసుకుంటారు అన్నాను. అతను నవ్వలేదు. ఆ ఉద్యోగంలో నవ్వడానికి కూడా పద్ధతి ఉంటుందనుకుంటాను.

మొదటిది బంగారు పూతది, చిన్నోనరుకు నచ్చింది. రెండోదాని ముఖం నల్లరాతి పలుచటి పొరతో చేసిందట. సహజమైన రాయి, ప్రపంచంలో ఇట్లాంటిది ఇంకొకటి ఉండదు అని సేల్స్‌మన్ అంటుంటే నేను దాని అంచు మీద గోరు నడిపాను. అతను ఉలిక్కిపడి గడియారం వెనక్కి తీసుకున్నాడు. అంత పలుచటి పొర మా దగ్గరికొస్తే రద్దులో పడేస్తాం నాయనా, అన్నాను. చిన్నోనరు, "అత్తా, ఇది రాయి కాదు, వాచీ," అని చెవిలో గొణిగాడు.

మూడోది ఉక్కుది, కీ ఇవ్వనక్కర లేనిది. చెయ్యి కదులుతుంటే ఆ కదలికకే లోపలి మిషను తిరుగుతుందని చెప్పాడు. నేను దాన్ని బోర్లించి చూశాను. మొదటి రెండింటికీ వెనక గాజు బిళ్ళ ఉంది, లోపలి చక్రాలు కనపడటానికి. దీనికి వెనక నున్నటి ఉక్కు రేకు. దీని మీద పేరు చెక్కడానికి వీలవుతుందా అని అడిగాను. గాజు ఉన్నవాటికి కుదరదు, దీనికి మూడు వరుసలు చెక్కించి ఇస్తాం అన్నాడు.

కాశయ్య అడిగిన కాగితానికి కూడా మూడు వరుసలు చాలు. ఆ ఆలోచన నాకు అక్కడే వచ్చింది.

చెక్కవలసిన మాటలు రాసివ్వడానికి ఒక ఫారం ఇచ్చారు. చిన్నోనరు ఫ్యాక్టరీ పేరు పెద్దగా రాసి, కింద ప్రేమాభిమానాలతో అని రాశాడు. నేను మెల్లగా చెప్పాను. "ప్రేమ అని అందరూ రాయిస్తారు అల్లుడూ. ఆ దొరలు తిప్పి చూస్తే ఏం తెలుస్తది? ఫలానా కాశయ్య, రంపం మిషన్ మేస్త్రి, ఈ సంవత్సరం నుంచి ఈ సంవత్సరం దాకా అని ఉంటే, మీ నాయన ఒక మనిషిని ముప్పై ఎనిమిదేళ్ళు నిలబెట్టుకున్నాడే అని అనుకుంటారు." అతని ముఖం వెలిగింది. అది తనకే తోచినట్టు వెంటనే తండ్రికి ఫోన్ చేశాడు. "పెట్రా, సంవత్సరాలు కూడా పెట్రా, ఇంగ్లీషులో పెట్టు," అని ఆయన కేక నాకు కూడా వినపడింది.

ఆ తండ్రీకొడుకులు హాజరు పుస్తకంలో ముప్పై ఎనిమిదేళ్ళు దాచిన పేరును ఉక్కు మీద చెక్కించడానికి ఒప్పుకోవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. అది చాలక, చిన్నోనరు బిల్లు ఫ్యాక్టరీ పేరు మీద, ఉద్యోగికి బహుమతి అని రాయించాడు. టాక్సులో కలిసొస్తుందట. గ్యారంటీ కోసమని సేల్స్‌మన్ ఆ బిల్లు నకలు, చిన్నోనరు ఫ్యాక్టరీ ముద్ర వేసిచ్చిన గ్యారంటీ కార్డు పెట్టెలోనే ఉంచాడు. ఆ పెట్టె మా మేనేజరు టేబుల్ కంటే నునుపుగా ఉంది.

ఉత్సవం రోజు కాశయ్యను ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. ఓనరు గారు గడియారం తొడిగారు. కండ కరిగిపోయిన చెయ్యి, గడియారం జారి మోచేతి దగ్గర ఆగింది. ఫోటోగ్రాఫరు ఇంకోసారి అన్నాడు. మళ్ళీ తొడిగితే మళ్ళీ జారింది. "చేతికి నిలవడంలే సారూ," అన్నాడు కాశయ్య, మైకు దగ్గరే ఉంది కాబట్టి అందరికీ వినపడింది. విదేశీయులు ముచ్చటపడి చప్పట్లు కొట్టారు. మూడోసారికి ఓనరు గారే తన చేత్తో బిగించి పట్టుకుంటే ఫోటో కుదిరింది. చూసినవాళ్ళకు అది చెయ్యి పట్టుకున్న ఆప్యాయతగా కనిపిస్తుంది.

నాలుగో రోజు వాళ్ళ ఇంటికి పోయాను. గడియారం ఆగిపోయింది. చెయ్యి కదిలితే నడిచే గడియారాన్ని మంచం దిగలేని మనిషికి ఇచ్చారు. ఎంచినదాన్ని నేనే, ఆ తప్పులో నాకూ భాగం ఉంది. కాశయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూసి, "మూగరాయి మే ఇది, రద్దులో వెయ్యి," అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

ఆయన భార్య సుబ్బులు నా మీదికి లేచింది. అంతకు ముందు రోజే దాన్ని అమ్ముదామని బజారుకు తీసుకుపోయిందట. వెనక పేరుంటే ఎవరు కొంటారమ్మా అని దుకాణం వాళ్ళు చేతికి ఇచ్చేశారట. "నువ్వే చెక్కిచ్చినావంట గదక్కా! అమ్ముకుంటే మందులకన్నా వచ్చేది. పెట్టుకోను పనికిరాదు, అమ్ముకోను పనికిరాదు. ఏం కన్ను మే నీది, నిప్పులు పొయ్యా!"

ఆమె తిట్టడం అయ్యేదాకా కూర్చున్నాను. అది నాకు రావలసిందే. చెక్కించిన కారణం ముందుగా చెబితే ఉత్సవానికి ముందే ఊరంతా తెలిసేదని చెప్పకుండా ఉంచాను. తర్వాత పెట్టె తీసి బిల్లు నకలు, ముద్ర కార్డు, గడియారం వెనకవైపు వరసగా మంచం మీద పరిచి, ఒక్కొక్కటీ చదివి వినిపించాను. సుబ్బులు సంవత్సరాల దగ్గర నన్ను ఆపి, ఇంకోసారి చదవమంది. చదివాను. "అంటే ఇది కాగితమే గదక్కా," అంది.

లేబర్ ఆఫీసుకు దరఖాస్తు నేనే రాశాను. అడుగున కాశయ్య తరఫున సుబ్బులు వేలిముద్ర వేసింది. సాక్షుల దగ్గర నా పేరు రాయలేదు. ముప్పై ఏళ్ళు ఆయన కోసిన రాయిని తట్టి చూసినదాన్ని, నాకంటే మంచి సాక్షి లేదు. అయినా పద్నాలుగు నెలల ఉద్యోగం చూసుకున్నాను. ఓనరును ఇన్ని మాటలన్న దాన్ని, ఇది కూడా చెప్పకపోతే సరి కాదు.

ఆఫీసరు ఒక మేడం. భూతద్దం తెప్పించి గడియారం వెనక చదివి, బిల్లు చదివి, నవ్వు ఆపుకుంటూ అటెండరును పిలిచి నకళ్ళు తీయమన్నదని సుబ్బులు వచ్చి చెప్పింది. ఓనరు గారికి నోటీసు పోయింది. ఆయన వకీలు వచ్చి, కాశయ్య ఉద్యోగి కాదు, ఏదో అభిమానంతో ఇచ్చారు అన్నాడు. మరి ఉద్యోగికి బహుమతి అని బిల్లు ఎందుకు రాయించారు, ఈ ఖర్చు ఏ లెక్కలో చూపించారు అని మేడం అడిగింది. వకీలు ఓనరు వైపు చూశాడు. ఓనరు చిన్నోనరు వైపు చూశాడు. చిన్నోనరు తన చేతికున్న గడియారం చూసుకున్నాడు.

పదో రోజున సర్వీసు కాగితం వచ్చింది. చినిగిపోతుందని ఓనరు గారు చెప్పిన మామూలు తెల్ల కాగితమే. సాయం మంజూరయ్యే నాటికి కాశయ్యకు ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టాల్సి వచ్చింది, దానికి ఆ సాయం సరిపోయింది. ఆయన ఇంకో ఏడాదిన్నర బతికాడు. తర్వాత ఇంకో పదకొండు మంది ముఠా మనుషులు తమ కాగితాల కోసం అడిగారు. వాళ్ళ దరఖాస్తుల్లో, నేను రిటైరు అయిన మర్నాటి నుంచి, సాక్షిగా నా పేరు రాశాను. రెండింటికి కాగితాలు వచ్చాయి. తొమ్మిది ఇంకా నడుస్తున్నాయి. ఓనరు గారు మాత్రం ఆ తర్వాత ఎవరికీ గడియారం ఇవ్వలేదు. ఇప్పుడు శాలువాలు కప్పుతున్నారు, శాలువా మీద ఏమీ చెక్కలేరు కాబట్టి.

కాశయ్య గడియారాన్ని సుబ్బులు ఇంట్లో, పెట్టెలోనే ఉంచింది. నేను పోయినప్పుడల్లా అది ఆగిన చోటే ఉంటుంది. ఎప్పటికీ నిలిచే బహుమతి ఏం కొనాలని ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే, గడియారం కొనమనే చెబుతాను. వెనకవైపు గాజు లేనిది చూసుకోవాలి. పేరు, చేసిన పని, చేరిన సంవత్సరం, మానిన సంవత్సరం చెక్కించాలి. బిల్లు పారేయకూడదు. ముందువైపు ఎట్లా ఉన్నా ఫర్వాలేదు.