పంటెక్కిన బన్ను, పదకొండు అప్పీళ్ళు

2024 డిసెంబరు. రాజోలులో మా ఇంటి మేడమీద గది. ఒక టేబులు, రెండు స్క్రీన్లు, కరెంటు పోతే అరగంట నిలబడే ఇన్వర్టరు. నా ఆఫీసు అంతే. ఉద్యోగం పేరు చాట్ మోడరేటర్. ఫోన్లో క్యారమ్స్ ఆడుకునే యాప్ ఒకటుంది. ఆడుతూ ఆడుతూ జనం కబుర్లు చెప్పుకోడానికి అందులో గదులుంటాయి. తెలుగు గదుల్లో ఎవరు ఎవర్ని ఏమంటున్నారో చూసి, హద్దు దాటినవాళ్ళని ఆపడం నా పని. మా అమ్మ ఇరుగుపొరుగుకి ఇంకా క్లుప్తంగా చెబుతుంది: "మావాడు కంప్యూటర్లోంచి జనం నోళ్ళు మూయిస్తాడండీ." అమలాపురంలో మూడేళ్ళు బీకాం చదివింది ఇందుకేనని చదివేటప్పుడు నాకూ తెలీదు.

ఈ పనిలో నాకో సహోద్యోగి ఉంది. దాన్ని ఫిల్టర్ అంటారు. ప్రతి మెసేజీనీ నాకంటే ముందు చదివి రంగు వేసే సాఫ్ట్‌వేరు. ఎరుపు అంటే తిట్టు, పసుపు అంటే అనుమానం, ఆకుపచ్చ అంటే స్నేహపూర్వకం. ఎవరు తయారుచేసేరో గానీ, గోదావరి జిల్లాల మనుషుల్ని మాత్రం చూడకుండానే చేసేరు. "గారు", "అండీ" కనబడితే చాలు, దాని మనసు కరిగిపోయేది. "తమరి బుర్రలో గుజ్జు ఎండిపోయినట్టుందండీ, ఏమీ అనుకోకండి" అన్న వాక్యానికి అది చిక్కటి ఆకుపచ్చ వేసింది. మావాళ్ళు కొట్టుకుచచ్చేంత కోపంలోనూ బహువచనం వదలరని దానికి నేర్పినవాళ్ళు లేరు.

నేను చూసే గదుల్లో సందడి గది "పెంపుడు కబుర్లు". పిల్లి చేప తినట్లేదన్న దిగులుతో మొదలయ్యేది. అక్కణ్ణుంచి వీధికుక్కలకి అన్నం పెట్టొచ్చా అనే దగ్గరికి వెళ్ళి, గంటలో దేశంలో ఎవరికి అన్యాయం జరిగిందో తేల్చుకునే వరకూ వచ్చేది. మధ్యలో ఎవరో స్ట్రైకరు తగిలించి రెడ్డు కాయిన్ వేసేవారు. అప్పుడు కాసేపు దేశాన్ని పక్కనపెట్టి చప్పట్లు కొట్టేవారు.

ఆ గదికి రెండు స్తంభాలు. ఒకరి పేరు స్ట్రైకర్ రాణి. బన్ను అనే గోధుమరంగు నాటుకుక్క ఆవిడది. ఎడంచెవి మడత పడి ఉంటుంది, ముందుకాలొకటి మేజోడు తొడిగినట్టు తెల్లగా ఉంటుంది. దాని ఫోటో పెట్టకుండా ఆవిడకి తెల్లారదు. రెండో ఆయన పేరు మిస్టర్ మౌనం. రోజుకి రెండొందల మెసేజీలు పెట్టేవారు. రాణి గారు అవునన్నది ఆయన ఎప్పుడూ అవుననలేదు. ఆర్నెల్లు తిట్టుకున్నారు, అంతా ఆకుపచ్చలోనే.

మా కంపెనీకి ఒక నియమం ఉంది. గదిలో ఎవరూ అసలు పేరు, ఊరు, కులం, మతం చెప్పకూడదు, అడక్కూడదు. చెప్పడానికి తేలికే. మా వైపు "ఏ ఊరండీ తమరిది" అని అడక్కుండా మనిషికి మంచినీళ్ళివ్వరు. నియమం పెట్టేక చుట్టుతిరుగుడు ప్రశ్నలు మొదలయ్యేయి. "ఆదివారం పొద్దున్న ఆటకి రారేమండీ?" "మీ వీధి చివర ఏం ఉంటుందండీ?" "మీ ఇంట్లో వంట తాతల కాలం నుంచీ ఇలాగే చేస్తారాండీ?" ఫిల్టరుకి ఇవన్నీ కుశలప్రశ్నలు. నాకు కాదు. ప్రశ్న వెనకాల ప్రశ్నని పట్టుకోవడంలో నేను ఎదిగిపోయేను. ఎంత ఎదిగేనంటే, పాలబ్బాయి "అందరూ బావున్నారా" అన్నా అనుమానించేవాణ్ణి.

ఆ గురువారం పొద్దున్న పదింటికి మిస్టర్ మౌనం చుట్టు తిరగలేదు. సూటిగా వచ్చేరు.

"రాణి గారూ, ఇన్నాళ్ళ నుంచి మాట్లాడుకుంటున్నాం. మీ ఇంటిపేరేంటండీ?"

ఇంటిపేరు తెలిస్తే మా వైపు మిగతాదంతా తెలిసిపోతుంది. వెంటనే ఆయన్ని మ్యూట్ చేసేను. మ్యూట్ అంటే ఇరవైనాలుగు గంటలు గదిలో అన్నీ చదవొచ్చు, ఒక్క మాట రాయలేరు. మౌనం గారికి మౌనం ఇప్పించేనని నాకు నేనే మెచ్చుకుని కాఫీ తాగేను.

మ్యూట్ అయినవాళ్ళకి ఒక కిటికీ ఉంటుంది. దాన్ని అప్పీల్ అంటాం. అందులో తమ మొర రాసుకుంటే నా దగ్గరికి టికెట్‌గా వస్తుంది. చదివి జవాబివ్వాలి. కానీ మ్యూట్ అయినవాళ్ళ మొరలన్నీ ఒక్కలాగే ఉంటాయి. "నేనేం చేసేనండీ", "ఆవిడేం తక్కువదా అండీ". అందుకని నేను పైపైన చూసి, ఒక బటన్ నొక్కేవాణ్ణి. "మీ అభిప్రాయం మాకు విలువైనది. మీ ఓపికకు ధన్యవాదాలు" అని జవాబు వెళ్ళిపోయేది. పదిన్నరకి మౌనం గారి మొదటి టికెట్ వచ్చింది: "నేనేం తప్పు మాట్లాడేనండీ?" బటన్ నొక్కేను. ఆ తర్వాత ఆయన పేరు కనబడితే చాలు, తెరవకుండానే నొక్కుతూ పోయేను.

మధ్యాహ్నం రెండుంబావుకి రాణి గారు రాసేరు.

"బన్ను తప్పిపోయిందండీ. రేవులో నా పక్కనే ఉంది. ఎవరిదో చేపల గంప వెనకాలే పంటెక్కేసింది. నేను చూసేసరికి పంటు ఏటి మధ్యలో ఉంది. తర్వాత పంటుకి నేనూ దాటేను. ...... అంతా తిరుగుతున్నాను."

ఆ చుక్కలు ఫిల్టర్ పెట్టినవి. ఊరి పేరుంటే అది చెరిపేస్తుంది. కానీ మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ కలిపి గోదారి దాటించే పంటు, చేపల గంపలు, అవతల తిరగడానికి ఊరు. మా ఇంటి నుంచి బైకు మీద అరగంట దూరంలో ఉన్న సఖినేటిపల్లి రేవు నాకు చుక్కల్లోనే కనబడింది. అవతల నరసాపురం. ఆర్నెల్లుగా ఈవిడ ఏ బెంగుళూరులోనో ఉంటారనుకున్నాను.

తర్వాత మెసేజీ చూసి కాఫీ కప్పు కింద పెట్టేను.

"బన్నుకి ఫిట్స్ ఉన్నాయండీ. పొద్దున్న ఆరుకీ సాయంత్రం ఆరుకీ మాత్ర పడాలి. తప్పితే రోడ్డు మీదే పడిపోతుంది. పోయినసారి పడిపోతే బతకదన్నారు డాక్టరుగారు. మాత్ర నా బ్యాగులోనే ఉంది. కుక్కే లేదు."

గది గదంతా ఆట ఆపేసింది. ఒకరు చేపల మార్కెట్టు చూడమన్నారు, ఒకరు బస్టాండన్నారు. మూడయ్యింది, మూడున్నరయ్యింది. ఆవిడ ఆటోలో మార్కెట్టుకి వెళ్ళేరు, లేదు. బస్టాండుకి వెళ్ళేరు, లేదు. నాలుగూ పదికి ఇలా రాసేరు:

"మౌనం గారుంటే ఈపాటికి నన్ను తిట్టేవారండీ. కుక్కని పెంచడం రాదు గానీ కబుర్లు చెబుతారు అని. ఆ తిట్టు వినబడినా బావుండును."

నాకు ఏదో గుచ్చుకుంది. మౌనం గారి టికెట్లు తెరిచేను. మొత్తం పదకొండు.

రెండోది: "అండీ, ఇది నా సంగతి కాదు. కుక్క సంగతి."

మూడోది: "మడతచెవి, తెల్లకాలు. పంటు దిగి నా కొట్టు ముందు నిలబడిందండీ. బన్నూ అంటే తోకాడించింది."

అయిదోది: "రేవులో దిగితే కుడిపక్క మొదటి టీ కొట్టు నాదేనండీ. వీధికుక్కలు మీద పడుతున్నాయని వెనకాల మా ఇంట్లో కట్టేను. ఆవిడకి చెప్పండి."

ఎనిమిదోది: "ఆవిడెవరో నేను చూడలేదు కదండీ. రేవులో దిగిన ఆడవాళ్ళనల్లా మీరు రాణి గారాండీ అని అడగలేను. ఒకావిణ్ణి అడిగేను. చెప్పు వైపు చూసుకున్నారు."

పదకొండోది: "అయ్యా, మీరు మనుషులేనాండీ?"

ప్రతి దాని కిందా నా జవాబు చక్కగా ఉంది. మీ ఓపికకు ధన్యవాదాలు.

మ్యూట్ తీద్దామని చూసేను. వేసినవాడే తీయడానికి వీల్లేదు, పైవాళ్ళు తీయాలి అంది సిస్టమ్. హైదరాబాదులో ఉన్న మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేసేను. "మీటింగ్‌ల ఉన్న, మళ్ల చేస్త" అని పెట్టేసింది. నాలుగున్నర.

ఒకరికే విడిగా రాసే వీలు యాప్‌లో లేదు. గదిలో నేనే రాసేను: "రాణి గారూ, బన్ను క్షేమం. నరసాపురం రేవులో టీ కొట్టు." పంపగానే మాయమైపోయింది. ఊరి పేరు, మనిషి చిరునామా ఉన్నాయని ఫిల్టర్ చెరిపేసి, నాకే పసుపు హెచ్చరిక పంపింది. కింద "దయచేసి నియమాలు చదవండి" అని ఉంది. ఆ నియమాల్లో సగం తెలుగులో రాసింది నేనే.

అప్పుడు నాకు తట్టింది. ఏడాదిగా నేను పట్టుకుంటున్న విద్య ఒకటుంది కదా. పేరు చెప్పకుండా అడగడం, అడక్కుండా తెలుసుకోవడం. కోనసీమలో పుట్టినవాడికి అది వేరే నేర్పాలా? ఒళ్ళు దగ్గరపెట్టుకుని టైపు చేసేను.

"రాణి గారూ, మీరు నీళ్ళు దాటి ఎక్కడ కాలు పెట్టేరో మళ్ళీ అక్కడికే వెళ్ళండి. కుడిచేతి వైపు మొదట పాలు మరుగుతుంటాయి. అక్కడ రోజంతా మాట్లాడే పెద్దమనిషి ఒకాయన ఉంటారు. మీకు ఆర్నెల్లుగా పరిచయం. ఇవాళ మాత్రం పాపం మౌనం. మీ వస్తువు ఆయనింట్లో భద్రంగా ఉందండీ."

ఫిల్టర్ ఆలోచించింది. ఆకుపచ్చ వేసింది.

రాణి గారి దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది. "ఆయ్."

ఇక అంతే. నలభైమంది ఉన్న గదిలో ఎవరూ ఏమీ రాయలేదు. అయిదయ్యింది. అయిదుంబావయ్యింది. మా అమ్మ పైకొచ్చి "ఏంట్రా, ఎవరి నోరూ మూయించట్లేదా?" అంది. "అందరూ వాళ్ళే మూసుకున్నారమ్మా" అన్నాను. తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది. అయిదూ నలభైకి ఫోటో వచ్చింది. టీ కొట్టు బల్ల కింద మడతచెవి కుక్క, దాని నోట్లో సగం తినే బన్ను, ఎదురుగా ఒక చేతిలో మిగతా సగం, అందులో మాత్ర. మా అమ్మ చప్పట్లు కొట్టింది. గదిలో కేకలు, బొమ్మలు, పూలవాన. ఒకేసారి ఇన్ని రావడంతో ఫిల్టర్ అల్లరి అనుకుని ఆరుగురిని మ్యూట్ చేసింది. వాళ్ళ అప్పీళ్ళు మాత్రం ఒక్కోటీ పూర్తిగా చదివేను. ఆరుగురూ ఒకటే అడిగేరు: "మాత్ర మింగిందాండీ?"

ఆరింటికి టీమ్ లీడ్ ఫోన్ చేసింది. "ఏంది, గదిల పొడుపుకథలు వేస్తున్నవట?" జరిగింది చెప్పేను. "హెచ్చరిక అయితే రాయాలె నేను. రాస్త" అంది. మళ్ళీ, "కుక్క మంచిగుందా?" అంది.

యాప్‌లో వాళ్ళని బయట కలవకూడదని కూడా నియమం ఉంది. నరసాపురంలో టీ తాగకూడదని మాత్రం లేదు. ఆదివారం సాయంత్రం పంటెక్కేను. బల్ల మీద నలభై అయిదేళ్ళావిడ, కాళ్ళ దగ్గర బన్ను. ఆవిడ ఎస్తేరు గారు, సఖినేటిపల్లి వైపు ఒక బడిలో లెక్కలు చెబుతారు. పొయ్యి దగ్గర ఆయన సూర్యారావు గారు, అరవై దాటేయి. నేనెవరో చెప్పేను. సూర్యారావు గారు నన్ను కిందనుంచి పైదాకా చూసేరు.

"నాకు పదకొండుసార్లు ధన్యవాదాలు చెప్పింది మీరేనాండీ?"

"ఆయ్."

"చాలా మర్యాదస్తులండీ."

ఎస్తేరు గారు నవ్వి, ఆయన వైపు తిరిగేరు. "ఇంతకీ ఆ వేళ ఇంటిపేరెందుకడిగేరండీ?"

"అలవాటండీ. అది అడక్కపోతే నాకు మాట ముందుకెళ్ళదు."

"తెలిస్తే ఏం చేద్దురు?"

"ఏం చేస్తానండీ? తెలుసుకుంటాను."

"మా తాతగారు ఈ రేవులోనే టీ తాగేవారటండీ. ఆయన గ్లాసు చూరులో వేరే దోపి ఉండేది. తాగి ఆయనే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. ఇంటిపేరంటే మీకు మాట ముందుకెళుతుంది. మాకు ఆ గ్లాసు గుర్తొస్తుంది."

పాలు పొంగబోతే సూర్యారావు గారు మంట తగ్గించేరు. "ఆ కొట్టు మా నాన్నదేనండీ," అన్నారు. "ఆ గ్లాసులు నేను చూసేను. ఇప్పుడన్నీ పేపరు కప్పులే కదండీ."

"అయితే కప్పులు మారేయా, మీరు మారేరా?"

సూర్యారావు గారు పొయ్యి ఆర్పేరు. "అది నేను తేల్చుకోవాల్సిందేనండీ" అన్నారు. వెనకాల ఇంట్లోకి వెళ్ళి మూడు స్టీలు గ్లాసులు తెచ్చేరు. వాళ్ళింట్లో తాగేవి, అడుగున ఆయన భార్య పేరు చెక్కి ఉంది. మూడింట్లోనూ టీ పోసి, తనూ మా ఎదురుగా కూర్చున్నారు.

ఎస్తేరు గారు ఒక గుక్క తాగేరు. "టీ నీళ్ళలా ఉందండీ."

"తమరి నాలిక అలాంటిదండీ, ఏమీ అనుకోకండి."

ఇంటిపేరు ఆవిడ చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఇంటిపేరు అడిగినవాళ్ళని నేనిప్పటికీ మ్యూట్ చేస్తాను. అందులో పశ్చాత్తాపం లేదు. ఆ గ్లాసు సంగతి విన్నాక అసలు లేదు. మారింది ఒక్కటే. పొద్దున్న కూర్చోగానే ముందు అప్పీళ్ళు తెరుస్తాను, చివరి ముక్క దాకా చదువుతాను. ఒకరి నోరు మూసినవాడికి వాళ్ళ మాట అందరికంటే ముందు వినే బాధ్యత కూడా అంటుకుంటుందని నాకు ఓ కుక్క చెప్పాల్సొచ్చింది. ఆ బటన్ తీసేయించేను. నెలకి నా పని గంటలు పెరిగేయి, ధన్యవాదాలు తగ్గేయి.

సోమవారం పొద్దున్న పదింటికి గది తెరిచేను. అప్పటికే మొదలెట్టేసేరు.

"కుక్కకి బన్ను పెట్టడం ఏ పుస్తకంలో ఉందండీ రాణి గారూ? తమరికి పెంచడం రాదు గానీ కబుర్లు బానే వచ్చు."

"తమరి టీ తాగి కూడా బతికింది కదండీ. ఇంక దానికేం కాదు."

ఫిల్టర్ రెండింటికీ చిక్కటి ఆకుపచ్చ వేసింది. స్నేహపూర్వకం అంది. ఉద్యోగంలో చేరేక మొదటిసారి దాని మాటకి నేను అడ్డు చెప్పలేదు.