కింద పడ్డ మ్యాగజైన్

ఇప్పుడంటే సొంతిల్లు, అందులో ఎవరూ అడుగుపెట్టని గది కూడా ఒకటి ఉన్నాయి గానీ, ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నా కోరికల్లా ఒక్కటే. నా తాళంచెవితో నేనే తెరుచుకునే చిన్న అపార్ట్‌మెంట్. ఐదో క్లాసులో అమెరికా వచ్చి, ఎడిసన్‌లో అమ్మ కొంగు పట్టుకుని పెరిగిన నేను, ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ ఉద్యోగం రాగానే రెక్కలొచ్చాయనుకున్నాను. ఆ రెక్కలతో ఎగిరి నేరుగా అదే ఊళ్ళో ఉన్న మావయ్య ఇంట్లో వాలాను. ఆడపిల్ల ఒక్కతే ఎలా ఉంటుందని అమ్మకి బెంగ. నేను ఫోన్‌లో ప్రాణం తీయగా తీయగా చివరికి, మావయ్య సరేనంటే తనకీ సరే అంది. మావయ్య చేత సరే అనిపించడం ఎంత కష్టమో మా బంధువులందరికీ తెలుసు.

మావయ్య ముందుజాగ్రత్త మనిషి. గొడుగు కార్‌లో ఒకటి, ఆఫీసులో ఒకటి, ఇంట్లో రెండు. ఆత్మరక్షణ కోసమని పిస్టల్ కొనుక్కుని, ప్రతి శనివారం క్లాసుకి వెళ్ళేవాడు. ఊరికే కూర్చోవడమెందుకని ఒకసారి వెంట వెళ్ళిన అత్తయ్య, పక్కనే జరుగుతున్న తుపాకీ పోటీలు చూసి అటు తిరిగిపోయింది. నేను వచ్చేనాటికి దేవుడి మందిరం పక్క అరలో ఆవిడ గెలిచిన కప్పులు పట్టక, రెండు వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఉండేవి. (దసరాకి పిస్టళ్ళకీ, వాటి మ్యాగజైన్లకీ, నా లాప్‌టాప్‌కీ కలిపి బొట్టు పెట్టేది. వాటికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవలసిందే, ఎవరికీ మినహాయింపు లేదు.) నా గోడు విన్న మావయ్య తాపీగా షరతు పెట్టాడు. అత్తయ్య ఆడే క్లబ్బులో కొత్తవాళ్ళ పోటీ ఉంది, మధ్యలో వాళ్ళు ఇంటికి పంపించేయకుండా చివరిదాకా ఆడితే అపార్ట్‌మెంట్ తనే వెతికిపెడతాడట. అద్దె ఇంటికీ తుపాకీకీ సంబంధమేమిటని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఒంటరిగా ఉండే మనిషికి కంగారు పనికిరాదనీ, అక్కడ గొట్టం ఒక్కసారి మనుషులవైపు తిరిగినా ఇంటికి పంపేస్తారు కాబట్టి అంతకన్నా మంచి పరీక్ష లేదనీ అన్నాడు.

ఇక శిక్షణ మొదలైంది. తూటాలు పెట్టే డబ్బా మ్యాగజైన్. అది పిస్టల్ పిడిలోంచి తీసి ఇంకొకటి పెట్టడమే రీలోడ్. ఇంత చిన్న పని మీద ఒక సంసారం రెండుగా చీలిపోగలదని నాకు అప్పుడే తెలిసింది. ముందు ఏదైనా వస్తువు చాటుకి వెళ్ళాలి, ఎదుటివాడి మీంచి చూపు తిప్పకూడదు, సగం తూటాలున్న మ్యాగజైన్‌ని జేబులో దాచుకోవాలి, మళ్ళీ ఎప్పుడు అక్కరకొస్తుందో తెలియదు అంటాడు మావయ్య. (పెరుగు డబ్బాలు కడిగి దాచే మనిషి ఇంకేమంటాడు?) పోటీలో ఎవరూ మనమీద కాల్చరు, సగం ఉన్నా సరే కింద పడేయి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పరిగెత్తుతూనే కొత్తది పెట్టేయి, టైమర్ నడుస్తుంటుంది, ఆగితే పోయావు అంటుంది అత్తయ్య. చెక్కనేల గీతలు పడకుండా పాత బొంత పరిచి, ఉత్తుత్తి తూటాలు నింపిన మ్యాగజైన్లు దానిమీద ధబధబా పడేయించేది. ఆవిడ పడేయమన్నవన్నీ మావయ్య ఏరి నా జేబులో పెట్టేవాడు.

"రోడ్డు మీద టైమర్ ఉండదు" అనేవాడు.

"పోటీలో దొంగ ఉండడండీ" అనేది అత్తయ్య, పప్పు కలుపుతూ.

పోటీ రోజు ఎండ బాగా కాసింది. మొదటి చోట అట్ట బొమ్మలన్నిటికీ తూటాలు తగిలేసరికి నాకు గర్వం తలకెక్కింది. టైమర్ పట్టుకుని వెనకాలే నడిచే తెల్లమీసాల పెద్దాయన కూడా తలూపాడనిపించింది. రెండో చోటికి కదులుతూ, అత్తయ్య చెప్పినట్టే బటన్ నొక్కాను. సగం నిండిన మ్యాగజైన్ జారి కింద పడింది, నా బూటు దానికి తగిలింది. ఆ తర్వాత జరిగింది నా బుర్ర చేసిన పని కాదు. టక్కున ఆగిపోయాను. కుడిచెయ్యి పిస్టల్‌ని ఎదురుగా తూటాలు ఆపే మట్టిగుట్టకేసి చాచి ఉంచింది, వేలు ట్రిగ్గర్ బయటే ఉంది. ఎడమచేత్తో వంగి, మ్యాగజైన్ తీసి, రెండు కళ్ళకీ అద్దుకుని, దులిపి, జేబులో పెట్టుకున్నాను. అప్పుడు గానీ నడుముకున్న కొత్త మ్యాగజైన్ గుర్తుకు రాలేదు.

చివరిదాకా కాల్చాను గానీ చివరి స్థానంలో వచ్చాను. జనమంతా నవ్వుతున్నారు. అత్తయ్య తలపట్టుకుని కూర్చుంది. మావయ్య మొహంలో నవ్వులేదు. ఇదీ కంగారు కిందే లెక్క, అపార్ట్‌మెంట్ చెయ్యిజారిపోయిందనుకుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెల్లమీసాలాయన వచ్చి, ఏమ్మా, కంట్లో ఏమైనా పడిందా అని ఆదుర్దాగా అడిగితే, అత్తయ్య తేరుకుని మన ఆచారం వివరించింది. ఆయన అంతా విని, ఆ అమ్మాయి తుపాకీ గొట్టం మాత్రం అంగుళం కదల్లేదు అన్నాడు. మావయ్య నా దగ్గరికి వచ్చాడు.

"మ్యాగజైన్ తీసేసినా పిస్టల్ లోపల ఇంకో తూటా ఉందని గుర్తుందా నీకు?" అన్నాడు.

"ఉంది మావయ్యా. అందుకే ఆ చెయ్యి కదపలేదు."

"మ్యాగజైన్ జేబులో ఎందుకు పెట్టుకున్నావు?"

"సగం ఉంది కదా."

"సరేలే. బాల్కనీ ఉన్నది చూద్దాం" అన్నాడు మావయ్య. నాకు ఎగిరి గంతేయాలనిపించింది గానీ, నడుముకి మ్యాగజైన్లుండటంతో ఊరుకున్నాను. (మరుసటి నెల పోటీలో ఇద్దరు భారీకాయులు అదృష్టం కోసమని మ్యాగజైన్లు కళ్ళకద్దుకున్నారని అత్తయ్య చెప్పింది. ఆవిడ మాటలో ఎంత తగ్గించి నమ్మాలో నాకు ఇప్పటికీ తెలియదు.)

బాల్కనీ ఉన్న అపార్ట్‌మెంటే దొరికింది. సామానుతో పాటు మావయ్య కడిగిన పెరుగు డబ్బాలు సంచీ నిండా ఇస్తే, సిగ్గుపడుతూ తీసుకున్నాను. మొదటి ఉదయం నా తాళం, నా కాఫీ, నా బాల్కనీ. కాఫీ సగం తాగేసరికి చెవులు బోసిపోయాయి. ఎవరైనా దేనికైనా పోట్లాడుకుంటే బాగుండుననిపించి, ఆ ఇంటికే ఫోన్ చేశాను. అటు ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతుంటే హాయిగా మిగతా కాఫీ తాగాను. ఈమధ్య పెరుగు డబ్బా కడిగి దాస్తున్నప్పుడల్లా, ఒక చేత్తో పిస్టల్ చాచి, ఇంకో చేత్తో మ్యాగజైన్ కళ్ళకద్దుకుంటున్న ఆ అమ్మాయి కనిపిస్తుంది. ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నాననుకుంది, పిచ్చిపిల్ల.