కింది వరుసలో చివరి బొమ్మ

ఆ అమ్మాయి గీసిన బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు కుళ్లు పుట్టింది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచి లాభం లేదు.

మార్కాపురం బస్టాండు దగ్గర నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, నాయకుల రాకలు, సంతాపాలు, అన్నీ నా కంప్యూటర్‌లోంచే గోడలెక్కుతాయి. ఇరవై ఏళ్లుగా రంగులతో కుస్తీ పడుతున్నా నన్నెవరూ ఆర్టిస్టు అనలేదు. "ఫ్లెక్సీ ఆయన" అంటారు. గిద్దలూరు, కంభం, బేస్తవారిపేటల్లో ఈ పని చేసేవాళ్లందరిదీ ఇదే బాధ. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో గీస్తే అది బొమ్మే కాదన్నట్టు చూస్తారు. అందుకే మా వాట్సాప్ గ్రూపువాళ్లందరం కలిసి ఒక వెబ్‌సైట్ పెట్టుకుందామనుకున్నాం. తలా ఒక బొమ్మ. తయారుచేసే పని నాది. విజయవాడలో చిన్న ఊళ్ల డిజిటల్ బొమ్మల ప్రదర్శన పెడుతున్నవాళ్లు, సైటు చూసి మాలో ఒకరిని పిలుస్తామన్నారు. ఆ ఒకరు నేనే కావాలని నా ఆశ. ఆశ కూడా కాదు, నేనేనని ధీమా.

అందరివీ వచ్చాక, చివర్లో తర్లుపాడు నుంచి ఒకటి వచ్చింది. పంపింది మా గ్రూపులో ఈమధ్యే చేరిన, పలకల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి. అద్దం పగిలిన ఫోన్‌లో వేలితో గీస్తుందట. బొమ్మలో రెండు చేతులు, వాటి మధ్య ఒక పలక. అంతే. బూడిద రంగు తప్ప ఇంకో రంగు లేదు. గోళ్ల సందుల్లో పలక పొడి కూడా కనిపిస్తోంది. నేనేమో పులి, జలపాతం, సూర్యోదయం ఒకే బొమ్మలో కుక్కి నెల రోజులు కష్టపడ్డాను. ఆ చేతుల పక్కన పెట్టి చూస్తే నా పులి పిల్లిలా ఉంది.

ఫ్లెక్సీ వేసేవాడికి ఒక విద్య బాగా వచ్చు. ఎవరి ఫొటో ఎంత ఉండాలో తెలుసు. పెద్దాయనది నిలువెత్తు, పక్కవాళ్లవి నడుం దాకా, అభిమానులవి కింద వరుసగా గుండ్రటి బిళ్లల్లో. ఆ బిళ్లలో చోటు కోసం మనుషులు మాటలు మానేసుకోవడం చూశాను. వెబ్‌సైట్ కూడా అట్లాగే చేశాను. పైన తెరంతా నా పులి. మిగతావాళ్లు కింద వరుసల్లో. అట్టడుగు వరుసలో చివరి బిళ్ల ఆ అమ్మాయిది.

"అన్నా, నాది ఏడుందన్నా?" అని ఫోన్ చేసింది.

"కిందికంటా పోమ్మా, ఉంటది. వచ్చినయ్యి వచ్చినట్టు వరసగా పెట్టినా."

"ఆ, కనపడిందన్నా. బాగుంది."

ఆమె నొచ్చుకుని ఉంటే నాకు కాస్త తృప్తిగా ఉండేదేమో. నొచ్చుకోలేదు. దానికీ ఒళ్లు మండింది.

మా ఆవిడ వంటింట్లో నిలబడి ఫోన్‌లో సైటు చూసింది. "పైన ఏంది ఇది, అంతా కలగాపులగంగా ఉంది? కింద ఈ చేతులు ఎవరు గీసినారు? ముట్టుకుంటే పొడి అంటేటట్టుంది!"

రోడ్డు అవతలి నుంచి చూసే బొమ్మలు వేసి వేసి, దీన్ని జనం అరచేతిలో చూస్తారన్న సంగతే మరిచిపోయాను. ఆమె గీసిందే అరచేతిలో. ఎంత చిన్నది చేసినా ఆ చేతులు చెక్కుచెదరలేదు. ఆ పూట చారులో ఉప్పు లేదని మా ఆవిడ మీద కేకలేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

వారానికి విజయవాడ నుంచి ఫోన్ వచ్చింది. ఫ్లెక్సీల అలవాటు కొద్దీ సైటు అడుగున నా నంబరే వేసుకున్నాను.

"చివరి వరుసలో చేతులు గీసినవారితో మాట్లాడాలండీ" అన్నాడాయన.

ఆమెకు ఫోన్ లేదండీ అనబోయాను. ఫోన్‌లో గీసే మనిషికి ఫోన్ లేదని ఎట్లా చెప్పను? నంబరు ఇచ్చేశాను.

ప్రదర్శనకు ఆరడుగుల ప్రింటు తెమ్మన్నారట. ఆమె తిన్నగా నా దుకాణానికే వచ్చింది. "నాకు తెలిసిన ఆర్టిస్టు నువ్వే అన్నా" అంది.

ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మాట. చివరికి ఈమె నోటి నుంచి వినాల్సి వచ్చింది.

బొమ్మను పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా విడిపోయింది. ఒక్క నిమిషం హాయిగా అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ ఆర్టిస్టు అన్నాక వెనక్కి పంపడానికి నోరు రాలేదు. "గీతలన్నీ కంప్యూటర్‌లో మళ్లీ కట్టాల. మూడు దినాలాగి రామ్మా" అన్నాను.

ఆ మూడు రోజులూ ఆమె గీతల మీద నా గీతలు దిద్దాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందా అని వెతుకుతూనే. ఒక్కటి దొరికింది. కుడిచేతి చిటికెన వేలు కణుపు దగ్గర పక్కకు తిరిగి ఉంది. హమ్మయ్య, వేళ్లు గీయడం రాదన్నమాట! పొంగిపోయి దాన్ని చక్కగా నిటారు చేశాను.

ఆమె వచ్చి తెర మీదికి వంగి ఒక్కో వేలూ చూసింది.

"అంతా బాగుందన్నా. ఈ వేలు మాత్రం మా అమ్మది కాదు."

"వంకరపోయింది కదమ్మా, సరిచేసినా."

"పలకల కట్ట మీద పడి ఇరిగిందన్నా అది. ఆ వేలు గీద్దామనే ఈ బొమ్మ మొదలుపెట్టినా."

కూర్చుని అరగంట సేపు ఆ వేలితో తంటాలు పడ్డాను. వంగుతోంది గానీ విరిగినట్టు రావడం లేదు. చివరికి లేచి కుర్చీ ఆమెకిచ్చాను. ఎన్నడూ మౌస్ పట్టని పిల్ల. రెండుసార్లు చేయి జారింది. మూడోసారి కణుపు దగ్గర పట్టి పక్కకు లాగింది. సరిగ్గా వచ్చింది.

ప్రింటు మూలన ఎప్పుడూ వేసే నా దుకాణం పేరు తీసేసి ఆమె పేరు వేశాను. ఆ సాయంత్రమే వెబ్‌సైట్‌లో పులిని దించి ఆ చేతుల్ని పైకి తెచ్చానని రాస్తే బాగుంటుంది. తేలేదు. అందుకు నాకు ఇంకో పది రోజులు పట్టింది.