నాకు ఆదివారం

ఆ రోజుల్లో ఇవాళ ఏ వారమో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఎవరూ క్యాలెండర్ చూసేవారు కాదు. పొద్దున్నే వంటింట్లోంచి వచ్చే వాసనే చెప్పేది. నిజామాబాద్‌లో మాలాంటి ఇళ్లల్లో మనుషులకు పేర్లున్నట్టే వారాలు కూడా ఉంటాయి. "నాకు సోమవారం" అని ఎవరైనా అంటే ఆ రోజు వాళ్లు ఏదో ఒక దేవుడి పేరు మీద మాంసం ముట్టరని అర్థం. అవ్వకు (మేము అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలుస్తాం) సోమవారం, బాపుకు శనివారం, కొత్తగా వచ్చిన వదినకు శుక్రవారం. అవ్వ వంటింట్లో ఒక చట్టం కూడా ఉండేది: ఒకరికి వారం ఉంటే ఆ రోజు ఆ పొయ్యి మీద ఎవరికీ మాంసం ఉడకదు. ఆ చట్టాన్ని నేనెలా వాడుకున్నానో ఇప్పుడు చెప్పుకోవచ్చు. దాచాల్సిన మనిషి ఇప్పుడు లేడు. ఉన్నవాళ్లు పెద్దగా పట్టించుకోరు.

బాపు పసుపు మార్కెట్లో కాంటా దగ్గర పనిచేసేవాడు. స్నానం చేసినా గోళ్ల పసుపు పోయేది కాదు. ఎవరినీ ఏదీ గట్టిగా అడిగే మనిషి కాదు, ఒక్క ఆదివారం యాటకూర (మేకమాంసం) విషయంలో తప్ప. ఆరింటికే స్టీలు డబ్బా పట్టుకుని పోయి, కోసేవాడి పక్కనే నిలబడి, కార్జం ఇంత, మూలుగ నిండిన నల్లిబొక్క రెండు అని ఏరి తెచ్చేవాడు. అలాంటి మనిషికి ఒకనాడు మార్కెట్లో బస్తా దించుతుంటే ఛాతీలో నొప్పి వచ్చింది. ఖలీల్‌వాడి డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఈసారికి గండం తప్పిందని, ఇక మాంసం పండుగకో పబ్బానికో ఒకటి రెండు ముక్కలకు మించొద్దని చెప్పాడు. బాపు శ్రద్ధగా తలూపాడు. బయటికొచ్చి మెట్లు దిగుతూ, "పాపం, సదువుకున్నోడు. ఏదో ఒకటి చెప్పాలె గద" అన్నాడు. ఆ ఆదివారం డబ్బా మళ్లీ బయల్దేరింది.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పుస్తకాలు కాస్త ఎక్కువ చదివినందువల్ల మనుషులను మార్చవచ్చనే నమ్మకం ఉండేది. బాపుకు గుండె గురించి ఒక వ్యాసం చదివి వినిపించాను. మధ్యలోనే నిద్రపోయాడు. అవ్వ ఏడ్చింది. ఏడుస్తూనే మసాలా నూరింది. అప్పుడు తట్టింది నాకు: డాక్టరు మాట వినడు గానీ, ఇంట్లో ఒకరి వారాన్ని మాత్రం బాపు ఎన్నడూ దాటడు. ముందు నేను గురువారం తీసుకున్నాను. అన్నను బతిమాలి మంగళవారం ఇప్పించాను ("సరే గని, బయట తింటే అడగొద్దు" అన్నది వాడి షరతు). బుధవారం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వను అడిగితే వదినది అంది, వదినను అడిగితే మామయ్యది, అంటే బాపుది అంది, బాపును అడిగితే "నీదే గద బిడ్డా" అన్నాడు. ఎవరిదీ కాని బుధవారాన్ని అందరం భక్తిగా పాటించాం. ఇక మిగిలింది ఆదివారం.

ఒక శనివారం సాయంత్రం అందరి ముందూ ప్రకటించాను. "బాపూ, రేపటి నుంచి నాకు ఆదివారం."

బాపు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆదివారమా? ఏ దేవునికి?"

"సూర్యునికి."

"ఆయన రోజు వస్తడు గద?"

"ఆదివారం ఆయన సొంత రోజు బాపూ."

"దేనికోసం మొక్కినవ్?"

దీనికి నేను జవాబు సిద్ధం చేసుకోలేదు. నీ గుండె కోసం అంటే నవ్వి డబ్బా పట్టుకు పోతాడు. నోటికొచ్చింది అనేశాను: "సర్కారు టీచర్ నౌకరి కోసం. వచ్చేదాక ఉంట."

అన్న పక్కనుంచి, "నోటిఫికేషన్ వచ్చుడెప్పుడు, నీకు వచ్చుడెప్పుడు? ఇగ మనం తిన్నట్టే" అన్నాడు. బాపు నవ్వలేదు. లేచిపోయి స్టీలు డబ్బా కడిగి, తుడిచి, పై అరలో బోర్లించాడు. నేను గెలిచాననుకున్నాను. ఎవరిమీద గెలిచానో అప్పుడు ఆలోచించలేదు.

ఆ తర్వాత ఆదివారాలు అవ్వకు పరీక్షలయ్యాయి. పుంటికూర (గోంగూర) పప్పు, చిక్కుడుకాయ, గుత్తి వంకాయ. మనిషి చిన్నబోతున్నాడని, ఆలుగడ్డలో యాటకూర మసాలా అంతా వేసి వండింది. బాపు మెచ్చుకుంటూ తిని, చివర అలవాటుగా బొక్కల కోసం కంచం అంచు వెతికాడు. మరో ఆదివారం వదిన మీల్ మేకర్ చేసింది. ఒక ఉండను చాలాసేపు నమిలి, "మంచిగనే ఉన్నది. ఇదేం జంతువు?" అని అడిగాడు. వదిన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, నేను కూడా ఆ బాపు బిడ్డనే. ఏడు రోజులూ ఎవరో ఒకరి మొక్కుతో నిండాక, నెలన్నర తిరిగేసరికి నా పరిస్థితి విషమించింది. పదో తరగతి పిల్లలకు జీర్ణవ్యవస్థ పాఠం చెబుతూ నోరూరి ఆగిపోయాను. పరీక్షలు దగ్గరపడుతున్నాయని ఆదివారం పూట కూడా మాకు తరగతులు పెట్టారు. ఒక ఆదివారం బోధన్ నుంచి తిరిగి వస్తూ, బస్సు ఎడపల్లిలో ఆగగానే దిగిపోయాను. దిగాలనుకోలేదు. కాళ్లు దిగాయి. అక్కడ మేనత్త ఇల్లుంది. బాపుకు అక్క, చెరుకు, వరి చేసే మనిషి. ఆమె ఇంట్లో ఆదివారం అంటే ఆదివారమే.

"అత్తా, ఆకలైతుంది" అన్నాను. నా మొక్కు సంగతి ఆమెకు తెలియదు. పెద్ద కంచంలో జొన్నరొట్టె, దాని పక్కన యాటకూర పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు కళ్లు మూతపడ్డాయి. సూర్యుడికి లోపల్లోపల ఒక క్షమాపణ చెప్పుకున్నాను (తప్పు ఆయనది కాదు కదా). రెండో రొట్టె అయిపోవచ్చి, నల్లిబొక్క నోట్లో పెట్టుకుని గట్టిగా పీలుస్తున్నాను. గడపలో ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. తలెత్తితే బాపు. చంకలో పసుపు కొమ్ముల సంచి.

నాకు మొదట భయం వేయలేదు, కోపం వచ్చింది. దొంగచాటుగా ఇక్కడ తినడానికి వచ్చాడు, ఇన్ని వారాల నా కష్టం ఇలా పోతోందన్నమాట అనుకున్నాను. ఆ కోపంలో నా నోట్లో బొక్క ఉన్న సంగతి మరిచాను.

"దా తమ్ముడా, మంచి టైముకు వచ్చినవ్. కూసో, కూర ఉన్నది" అంది అత్త.

"నాకు ఆదివారం అక్కా" అన్నాడు బాపు, గోడకు ఆనుకుని కూర్చుంటూ. "బిడ్డ నౌకరి కోసం మొక్కినం. వచ్చేదాక తిననని నేను గూడ అనుకున్న. పచ్చిపులుసు ఉంటే పొయ్యి."

అత్త నా వంక చూసింది. బాపు వంక చూసింది. మళ్లీ నా కంచం వంక చూసింది. "బిడ్డ నౌకరి... అంటే గీ బిడ్డదేనా?"

నేను బొక్క నోట్లోంచి తీయలేదు. తీస్తే చేతిలో ఉంటుంది, చేతిలో ఉంటే ఏం చేయాలో తెలియదు. బాపు నా కంచాన్ని నింపాదిగా చూశాడు. తూకం సరిగ్గా ఉందా లేదా అని కాంటా ముల్లును చూసే చూపు అది. అప్పుడు అడిగాడు:

"ఉప్పు సరిపోయిందా బిడ్డా?"

తలూపాను. ఆయనా తలూపాడు. అత్త పోసిన పచ్చిపులుసులో అన్నం కలుపుకుని, నాకు ఎదురుగా కూర్చుని, ఆ వాసన మధ్యనే తిన్నాడు. "బొక్కను సగంల ఇడవకు. మంచిది" అని మాత్రం మధ్యలో ఒకసారి అన్నాడు.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. కిటికీ బయట చెరుకు, ఆ తర్వాత వరి. నిజం చెబితే, మొక్కూ లేదు ఏమీ లేదని వచ్చే ఆదివారమే డబ్బా దించుతాడు, గుండె మళ్లీ పట్టుకుంటుంది. చెప్పకపోతే, నా అబద్ధం కోసం ఒక ముసలాయన పచ్చిపులుసు తాగుతూ ఉంటాడు. పుస్తకాల్లో చదివిందేదీ అక్కరకు రాలేదు. చివరికి, "బాపూ, అసలు ఆ మొక్కు..." అని మొదలుపెట్టాను.

"నౌకరి నీకు, మొక్కు నాకు" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "ఇద్దరం ఉండాల్నని ఎక్కడన్న రాసున్నదా? నువ్వు వయసు పిల్లవు. అవ్వకు మాత్రం చెప్పకు, ఊకె ఫికర్ చేస్తది."

అంతే. అదంతా నా నాటకమని ఆయనకు మొదటి నుంచీ తెలుసా, లేక నిజంగానే నా నౌకరి కోసం ఉన్నాడా? అడిగే ధైర్యం ఆ రోజు లేదు. తర్వాత అడగడానికి సిగ్గేసింది. ఆ తర్వాత అలవాటైపోయింది. నోటిఫికేషన్ మా అన్న చెప్పినట్టే ఆలస్యమైంది. ఏళ్ల తర్వాత నాకు పోస్టింగ్ వచ్చిన వారం, డాక్టరు ఒప్పుకున్న ఆ రెండు ముక్కలు అవ్వ వండిపెట్టింది. బాపు ఒకటి తిని, "రుచి మరిచిన బిడ్డా" అని రెండోది నా కంచంలో వేశాడు. అప్పటికి అన్న పిల్లలు మీల్ మేకర్‌నే కూర అనుకుంటూ పెరిగారు. మా వంటింట్లో మాంసం పండుగలకే వచ్చే చుట్టమైంది. ఎవరూ తీర్మానించింది కాదు. ఆ బుధవారం లాగే, ఎవరిదో తెలియకుండా అందరం పాటించాం.

బాపు పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన గుండె డాక్టరు అనుకున్నదానికంటే చాలా ఏళ్లు ఎక్కువే నడిచింది. పిట్టకు పెట్టిన రోజు (పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా చూడటం మా దిక్కు ఆనవాయితీ) ఏం వండాలని ఇంట్లో వాదన జరిగింది. అన్న యాటకూర అన్నాడు. అవ్వ పచ్చిపులుసు అంది. రెండూ పెట్టాం. కాకి వచ్చింది, ముట్టింది, పోయింది. ముందు దేన్ని ముట్టిందని అడిగితే ఇద్దరూ చెరొకటి చెప్పారు. నేను చూడలేదు. ఆ క్షణంలో కళ్లు తుడుచుకుంటున్నాను.

తర్వాత అందరం బంతిలో కూర్చున్నాం. వదిన నా విస్తట్లో కూర వేయబోతే చెయ్యి అడ్డుపెట్టాను. ఆ రోజు ఆదివారమని నాకప్పుడే గుర్తొచ్చింది.

"నాకు ఆదివారం" అన్నాను.

"నౌకరి వచ్చి ఎన్నేండ్లాయె! ఇంక దేనికే?" అంది అవ్వ.

దేనికో నాకూ తెలియదు. ఇరవై నాలుగేళ్ల ఆ పిల్ల అయితే సూర్యుడి పేరో మరొకటో చటుక్కున చెప్పేది. ఆమెను తలుచుకుంటే కాస్త నవ్వొచ్చింది. పిట్టకు పెట్టే వంట ముందుగా ఎవరూ రుచి చూడకూడదు, అందుకని ఎలా కుదిరిందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎదురుగా అన్న నల్లిబొక్క నోట్లో పెట్టుకుని, ఏడవాలో తినాలో తెలియనట్టు కూర్చున్నాడు.

పచ్చిపులుసు కలుపుకుంటూ వాణ్ని అడిగాను: "ఉప్పు సరిపోయిందా అన్నా?"

బొక్క నోట్లోంచి తీయకుండానే తలూపాడు.