కనకలక్ష్మి చేతి ముద్ద

కంకిపాడులో ఆ వీధి ఆడవాళ్లెవరూ కనకలక్ష్మి లేకుండా ఆవకాయ కలపరు. ఆమె చెయ్యి పడితేనే పచ్చడి ఏడాదంతా నిలుస్తుందని నమ్మకం. జాడీకెత్తాక, బేసిన్‌కి అంటుకున్న పిండిలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి అందరికీ ముద్దలు పెట్టేది. భర్త పోయాక ఆమెకి మిగిలిన పెద్దరికం అదొక్కటే.

ఈ ఏడు మామిడికాయలు దిగకముందే ఊళ్లోకి ఎక్స్‌రే వ్యాను వచ్చింది. దగ్గున్నా లేకపోయినా తీయించుకోమంటే తనూ తీయించుకుంది. ఊపిరితిత్తిలో మచ్చ ఉంది, టీబీ అనుమానం, విజయవాడ వెళ్లి తెమడ పరీక్ష చేయించుకోమన్నారు. ఎదురింటి సుబ్బరత్నం దగ్గర మాత్రం చెప్పుకుని ఏడ్చింది. పురుళ్లకీ చావులకీ ఒకరికొకరు తోడున్న మనుషులు కదా!

సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది. అనుమానం అన్న మాట సుబ్బరత్నం మింగేసింది, టీబీ ఒక్కటే బయటపెట్టింది. వదినా వదినా అంటూ మీదపడే మహాతల్లులు గుమ్మం ఎక్కడం మానేశారు. పక్కింట్లో ఆవపిండి ఘాటు లేస్తుంటే కనకలక్ష్మి కిటికీ మూసుకుని కూర్చుంది.

తీరా పరీక్షలో ఏమీ లేదని తేలింది.

"ఎప్పుడో న్యుమోనియా చేసి మానిన మచ్చమ్మా. పాతదో కొత్తదో ఎక్స్‌రే ఒక్కటే తేల్చలేదు. అందుకేగా పరీక్షకి రమ్మంది" అన్నాడు డాక్టరు.

మర్నాడు సుబ్బరత్నమే వచ్చింది. "నాకు ముందే తెలుసొదినా, గుండ్రాయిలా ఉంటావ్ నీకేంటి! రా, కాయలు కొట్టించా, నువ్వే కలపాలి."

ఒళ్లు మండినా వెళ్లింది. పిలిచారన్న సంబరం కోపాన్ని మింగేసింది. మోచేతులదాకా నూనె చేసుకుని కలిపింది. వేడన్నం కోసం వంటింట్లోకి వెళితే, గట్టు మీద వాసెన కట్టిన జాడీలు రెండు కనిపించాయి. కొత్త ఆవకాయ వాసన.

"ఇవేంటొదినా?"

సుబ్బరత్నం తడబడింది. "అవి... ఇంటికి. మొన్న మా చెల్లెలొచ్చి కలిపిందిలే. నువ్వు కలిపింది పొలం పనివాళ్లకి."

కనకలక్ష్మి బేసిన్‌లో అన్నం కలిపి తొలి ముద్ద సుబ్బరత్నానికి అందించబోయింది. సుబ్బరత్నం చెయ్యి కొంగు చాటునుంచి రాలేదు.

"ఎక్స్‌రే అయినా అనుమానమనే చెప్పిందొదినా" అంది కనకలక్ష్మి.

ఆ ముద్ద తనే నోట్లో పెట్టుకుని, చెయ్యయినా కడుక్కోకుండా ఆ ఇంటి గుమ్మం దిగింది.